పాటలో గెలిచిన రేజరు

పాత వస్తువులు: మీ ఉత్తరాలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే వస్తువు చుట్టూ తిరిగాయి: గడ్డం గీసుకునే పాత రేజర్లు, మంగలి కత్తులు. అందుకని ఇత్తడి బిందెల గురించీ గోడ గడియారాల గురించీ అడిగినవారికి వచ్చే సంచికలో రాస్తాను. కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: అయ్యా, మాది టెక్కలి. రెండేళ్లుగా పాత రేజర్లు సేకరిస్తున్నాను. మొన్న ఇంటర్నెట్లో ఒక విదేశీ వేలంలో జిలెట్ వారి అడ్జస్టబుల్ రేజరు, లావు పిడిది, 'చాలా అరుదు, 1940ల నాటిది' అని పెడితే పాడాను. నాలుగు వేలు దాటకూడదని ముందే అనుకున్నాను. నాలుగు రోజులు నేనే ముందున్నాను. చివరి పది నిమిషాల్లో ఇంకొకరు పోటీకి దిగారు. చూస్తుండగానే తొమ్మిది వేలయింది. పోస్టేజీ, సుంకం కలిపి ఇంటికి చేరేసరికి పదమూడు వేల ఆరువందలు. వారం తిరక్కుండా అలాంటిదే, దీనికన్నా శుభ్రంగా ఉన్నది, ఐదు వేలకి పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనొక్కడినేనా ఇలా అయ్యేది? పోటీకి వచ్చినాయన కూడా అంతదాకా పాడాడంటే దానికి ఆ విలువ ఉన్నట్టే కదా? రేజరు తల కింద 'ఇ 3' అని ఉంది. దాని అర్థమేమిటి? (పేరు రాయవద్దన్నారు)

జవాబు: బాబూ, ముందు ఆ 'ఇ 3' సంగతి చెప్పేస్తాను. అమెరికాలో తయారైన జిలెట్ రేజర్ల మీద ఆ రోజుల్లో ఒక అక్షరం, ఒక అంకె కొట్టేవారు. అక్షరం ఏ సంవత్సరమో చెబుతుంది. అంకె ఆ ఏడాదిలో ఏ మూడు నెలలో చెబుతుంది. 1955కి 'ఎ'. అక్కణ్నుంచి ఇంగ్లీషు అక్షరాలు వరసగా లెక్కపెట్టండి, 'ఇ' దగ్గరికి 1959 వస్తుంది. 3 అంటే జూలై నుంచి సెప్టెంబరు. మీ రేజరు ఆ మూడు నెలల్లో పుట్టింది. అసలు ఆ లావు పిడి మోడల్ బజారులోకి వచ్చిందే 1958లో. అప్పుడు అమెరికాలో దాని వెల 1 డాలరు 95 సెంట్లు, అందుకే దాన్ని '195' అనేవారు. 1940లలో అది ఉండే వీల్లేదు. పాడకముందు తల కింది భాగం ఫొటో ఒకటి అడిగి ఉంటే అమ్మేవాడు చెప్పిన కాలం తప్పని మీకు అక్కడే తెలిసేది. అతను కావాలని రాశాడో, తెలియక రాశాడో నేను చెప్పలేను. లోహం మీద కొట్టిన అక్షరం మాత్రం అబద్ధం చెప్పదు.

ఇక అసలు ప్రశ్న. మీరొక్కరే కాదు.

నేను విజయనగరంలో ఒక బ్యాంకులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. అందులో పదకొండేళ్లు బంగారం అప్పుల సెక్షన్లో గడిచాయి. విడిపించుకోని నగలకి నోటీసులిచ్చి, పేపర్లో ప్రకటన వేసి, వేలం పెట్టేవాళ్లం. పాట రోజున పొడుగు బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి నగలు వరసగా పెట్టడం నా పని. బజారు నుంచి షరాబులు వచ్చేవారు. వాళ్లలో ఒక పెద్దాయన ఉండేవాడు. నగని ముందు అరచేతిలో వేసుకుని బరువు చూసేవాడు. గీటురాయి మీద గీసి, వెలుతురుకి పెట్టి చూసేవాడు. తర్వాత జేబులోంచి సిగరెట్ పెట్టె అట్ట తీసి, దాని మీద ఒక అంకె వేసి, మడిచి మళ్లీ జేబులో పెట్టుకునేవాడు. పాట ఆ అంకె దాటిందంటే లేచి టీకి వెళ్లిపోయేవాడు. ఎవరు పాడుతున్నారో వెనక్కి తిరిగి కూడా చూసేవాడు కాదు.

ఒక పాటలో లక్క గాజుల జత వచ్చింది. పైన బంగారం, లోపల లక్క. తూకం వేస్తే లక్క బరువు కూడా కలిసే వస్తుంది, విరగ్గొడితే గానీ బంగారం ఎంతో తేలదు. అలాంటి వాటికి ఆయన అంకె ఎప్పుడూ బాగా తక్కువ. 'ఇవీ బంగారమే కదండీ, ఎందుకు ఇంత తగ్గిస్తారు?' అని అడిగాను. ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: 'ముద్ద బంగారం అయితే అందరం ఒక్కలాగే లెక్క కడతాం బాబూ. లక్క గాజులకి ఒకడు ఎక్కువ కడతాడు, ఒకడు తక్కువ కడతాడు. అందరికన్నా ఎక్కువ కట్టినోడికే పాట వస్తాది. అంటే అందరికన్నా ఎక్కువ తప్పు లెక్క కట్టినోడు ఆడే. నాకెందుకా పాట?' ఇంకో సంగతి గమనించాను. పాటకి జనం ఎక్కువ వచ్చిన రోజున ఆయన అంకె ఇంకా కిందికి దిగేది. పదిమంది లెక్క కడితే ఒకడు తప్పడం ఖాయం, ముప్పైమంది కడితే ఇంకా పెద్ద తప్పు కట్టేవాడు ఒకడుంటాడు అని ఆయన లెక్క.

టీ గ్లాసు చేత పట్టుకుని ఆయన చెప్పిన ఈ మాటనే 1971లో అమెరికాలో చమురు కంపెనీ ఇంజనీర్లు ముగ్గురు, కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్, లెక్కలు కట్టి రాశారు. మెక్సికో సింధుశాఖలో సముద్రం అడుగున చమురు తవ్వుకునే హక్కులకి కంపెనీలు సీలు వేసిన కవర్లలో పాటలు పెట్టేవి. భూమి కింద ఎంత చమురుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. అందరికన్నా ఎక్కువ ఊహించిన కంపెనీకే ఆ హక్కు దక్కేది, చివరికి అనుకున్న లాభం వచ్చేది కాదు. దీనికి ఆర్థికశాస్త్రంలో 'గెలిచినవాడి శాపం' అన్న అర్థం వచ్చే పేరు స్థిరపడింది. 1983లో బేజర్మన్, శామ్యూల్‌సన్ అనే ఇద్దరు దీన్ని విద్యార్థుల మీద పరీక్షించారు. జాడీలో 8 డాలర్ల చిల్లర వేసి పాట పెట్టారు. ఎంత ఉంటుందని అడిగితే వాళ్ల అంచనాల సగటు 5 డాలర్ల 13 సెంట్లు, అంటే ఉన్నదానికన్నా తక్కువే. కానీ పాట గెలిచిన మొత్తాల సగటు 10 డాలర్ల ఒక సెంటు. గుంపు మొత్తం తక్కువ అనుకున్నా గెలిచినవాడు ఎక్కువ పోశాడు, చూడండి.

నాకు నమ్మకం కుదరక కిందటేడు సిరిమానోత్సవానికి చుట్టాలందరూ ఇంటికి వచ్చినప్పుడు నేనూ చేసి చూశాను. హార్లిక్స్ సీసాలో 412 రూపాయల చిల్లర పోసి, మూత బిగించి, పద్నాలుగు మందికి చీటీలిచ్చాను. ఎనిమిది మంది మూడొందలు కూడా దాటలేదు. మా తోడల్లుడు మాత్రం 650 రాశాడు. ఆయన లెక్క తెలియని మనిషి కాదు, జూట్ మిల్లులో జీతాల పట్టీ రాసి రిటైరైనవాడు. సీసా అడుగున రెండు రూపాయల బిళ్లలు ఎక్కువున్నాయని ఆయనకి అనిపించింది, అంతే.

మీ రేజరు లక్క గాజు, బాబూ. ఫొటోలో నికెల్ పూత మెరుపు కనిపిస్తుంది గానీ, బ్లేడు పెట్టే తలుపులు రెండూ ఒక మట్టంలో మూస్తున్నాయో లేదో కనిపించదు. బ్లేడు ఎంత బయటికి రావాలో సర్దే చక్రం, 1 నుంచి 9 దాకా తిరిగేది, మధ్యలో ఎక్కడ పట్టేస్తుందో కనిపించదు. కొత్తగా పూత వేయించినది ఫొటోలో అన్నిటికన్నా బాగుంటుంది, కొట్టిన అక్షరాలు మాత్రం అరిగి గుండ్రంగా కనిపిస్తాయి. ఇవేవీ తెలియకుండా ఇరవైమంది నాలుగు ఫొటోలు చూసి ఇరవై లెక్కలు కడతారు. అందులో పై లెక్క మీది.

'పోటీకి వచ్చినాయన కూడా అంతదాకా పాడాడు కదా' అన్నారు. నిజమే, ఆ వేలాల్లో మనం ఎంత పై అంకె ఇచ్చినా, మన తర్వాతివాడి అంకె మీద ఒక్క మెట్టు మాత్రమే కట్టించుకుంటారు. ఇది విలియం విక్రీ అనే ఆర్థికశాస్త్రవేత్త 1961లో విప్పి చెప్పిన పద్ధతికి దగ్గరి చుట్టం. అందుకే చాలామందికి ధైర్యం: నేను కట్టేది రెండోవాడి ధరే కదా, మోసమెక్కడుంది అని. కానీ ఆ రెండో ఆయన చూసినదీ ఆ నాలుగు ఫొటోలే. 'అరుదు' అన్న ఆ మాటే ఆయనా చదివాడు. ఒకే కిటికీలోంచి చూసిన ఇద్దరూ ఒకే మాట చెబితే అది రెండు సాక్ష్యాలు కాదు. పైగా మీరు పెంచడం చూసి ఆయన, ఆయన పెంచడం చూసి మీరు విలువ పెంచుకుంటూ పోయారు. వారం తర్వాత ఐదు వేలకి పోయిన పాటలో మీరు లేరు. బహుశా ఆయనా లేడు. మీ ధర తొమ్మిది వేలకి ఎక్కడానికి మీ ఇద్దరే సరిపోయారు.

ఇక ఆ చివరి పది నిమిషాలు. నాలుగు వేలని మనసులో అనుకున్నారు, కాగితం మీద రాయలేదు. నాలుగు రోజులు పాటలో ముందున్నారు. ఆ నాలుగు రోజుల్లోనే ఆ రేజరుని మీ అద్దం ముందు పెట్టేసుకున్నారు, పక్కన సబ్బు గిన్నె ఎక్కడుండాలో కూడా చూసుకుని ఉంటారు. తర్వాత ఇంకొకడు పాడితే అది కొత్త వస్తువుకి పోటీలా అనిపించదు, ఇంట్లోది ఎత్తుకుపోతున్నట్టు ఉంటుంది. కాహ్నెమాన్, నెట్ష్, థేలర్ 1990లో రాసిన ప్రయోగాల్లో విద్యార్థుల్లో సగంమందికి కాఫీ కప్పులిచ్చారు. చేతికి వచ్చి కొద్దిసేపే అయినా, అమ్మమంటే కప్పున్నవాళ్లు అడిగిన ధర, కప్పు లేనివాళ్లు ఇస్తామన్న ధరకి దాదాపు రెండింతలు. చేతికి రాకుండానే మనదనుకోవడం వేలంలో జరుగుతుంది.

లడ్డూ పాట సంగతి వేరని ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చాలామంది రెండూ ఒకటే పిచ్చి అంటారు. హైదరాబాదులో బాలాపూర్ గణపతి లడ్డూ 1994లో 450 రూపాయలకి పోయింది. 2024లో 30 లక్షల ఒక వెయ్యి. ఆ పాడినాయన లడ్డూలో పిండీ చక్కెరా ఎంతో లెక్క తప్పి పాడలేదు. దేవుడి పేరున ఇస్తున్నాననీ, ఊళ్లో పదిమంది ముందు ఇస్తున్నాననీ తెలిసే ఇచ్చాడు. మీరు మాత్రం రేజరు ధర కడుతున్నాననుకుని పోటీ ధర కట్టారు. బాధ అక్కడే.

'అరుదు' అన్న మాట గురించి కూడా చెబుతాను. కింగ్ క్యాంప్ జిలెట్ అనే ఆయన పెట్టిన కంపెనీ 1903లో అమ్మినవి మొత్తం 51 రేజర్లు, 168 బ్లేడ్లు. ఆ 51లో ఒకటి ఎవరి దగ్గరన్నా ఉంటే అది అరుదు. 1904లో పేటెంటు వచ్చింది, ఆ ఏడాదే అమ్మకాలు వేలల్లోకి వెళ్లాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం ప్రభుత్వం ఆర్డరిచ్చినవే 35 లక్షల రేజర్లు, 3 కోట్లకు పైగా బ్లేడ్లు. ఉక్కూ ఇత్తడీ చెదలు తినవు. అంత సరుకు ప్రపంచం మీద ఇంకా తిరుగుతూనే ఉంది. పాతది వేరు, అరుదైనది వేరు. మన తాతల పెట్టెలో ఒకటే ఉంటుంది కాబట్టి ప్రపంచంలో కూడా ఒకటే ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇవన్నీ తెలిసిన నాకు జరిగింది కూడా చెప్పాలి. మా నాన్న మంగలి. గంట స్తంభం దగ్గర షాపు పెట్టకముందు పొది చంకన పెట్టుకుని బంగళాలకి వెళ్లి గడ్డాలు చేసేవాడు. ఒక బంగళా దొరగారు ఒకరోజు 'ఇక నువ్వు రానక్కర్లేదు' అన్నారట. ఇంగ్లండు నుంచి రోల్స్ రేజరు తెప్పించుకున్నారు. ఉక్కు పెట్టె, దానికి రెండు మూతలు. ఒక మూతలో సానరాయి, ఇంకో మూతలో తోలు. లోపల కత్తిని పిడి పట్టి ముందుకీ వెనక్కీ తోస్తే టక్ టక్‌మని బోర్లపడుతూ దానంతటది పదునెక్కుతుంది. నాన్న ఆ చప్పుడు నోటితో చేసి చూపించేవాడు. కోపంతో కాదు, ఆ పనితనం ఆయనకి నచ్చింది. ఆయన పోయిన ఏడాదికి అలాంటిది వేలంలో కనిపించింది. పాడాను. ఎంతకో చెప్పను గానీ మా పెద్దమ్మాయి కాలేజీ ఫీజు ఒక టర్ము అందులో పోయింది. పెట్టె విప్పితే సానరాయి రెండు ముక్కలు. వెనక్కి వెళ్లి ఫొటోలు చూస్తే తొమ్మిదింటిలో రాయి ఉన్న మూత తెరిచినది ఒక్కటి లేదు. చూపించినవన్నీ చూశాను, చూపించనిది ఏమిటని ఆలోచించలేదు. ఆ రాత్రి నేను పాడింది రేజరు కోసం కాదు, ఆ టక్ టక్ కోసం. దానికి డబ్బు పెట్టడం తప్పని ఇప్పటికీ అనను. కానీ దాని కోసం పెడుతున్నానని ముందే తెలిసి ఉంటే, రాయి బాగున్నది దొరికేదాకా ఆగేవాడిని.

అప్పట్నుంచి నేను షరాబు పెద్దాయన పద్ధతే పాటిస్తున్నాను. ముందు అదే మోడల్ గతంలో ఎంతకి అమ్ముడుపోయిందో చూస్తాను. 'అడుగుతున్న' ధర కాదు, 'పోయిన' ధర. అందులోంచి పోస్టేజీ, సుంకం తీసేస్తాను. ఫొటోలో కనిపించని ప్రతి భాగానికీ ఇంకొంత తగ్గిస్తాను. మిగిలిన అంకె కాగితం మీద రాసి, అదే అంకె ఒక్కసారి వేలంలో వేసి, ఫోను లోపల పెట్టి వెళ్లిపోతాను. పాట ముగిసే వేళకి నేను పెద్దచెరువు గట్టు మీద నడుస్తుంటాను.

కొన్న రేజరుని అద్దాల బీరువాలో పెట్టకండి. మన కిరాణా కొట్లో దొరికే రెండంచుల బ్లేడు దానికి సరిగ్గా సరిపోతుంది. చక్రం తిప్పేముందు కింది మరని కాస్త వదులు చేయండి, బిగించి ఉండగా తిప్పితే లోపల అరుగుతుంది. 3 దగ్గర మొదలుపెట్టి చూసుకోండి.

ప్రశ్న: వేలం ఆఖరి ఐదు సెకన్లలో వచ్చి పాట ఎగరేసుకుపోయేవాళ్లని ఏం చేయాలి? అమ్మేవాళ్లే దొంగపాట పాడిస్తారని కూడా అంటారు. నిజమేనా? (బొబ్బిలి నుంచి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, మన ఊళ్లో పాట పెట్టేవాడు 'ఒకటోసారి, రెండోసారి' అని ఆగి అందరి మొహాలూ చూస్తాడు. ఎవరన్నా పాడితే మళ్లీ మొదటికి వస్తాడు. అక్కడ గడియారం లేదు కాబట్టి ఆఖరి సెకను కూడా లేదు. గడియారం కొట్టగానే ముగిసే వేలంలో ఆఖరిదాకా ఆగడం లాభం. ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో రాసిన పరిశోధనలో, సమయానికి ఠంచనుగా ముగిసే ఈబే అనే సైటు వేలాల్లో ఆఖరి నిమిషం పాటలు ఎక్కువనీ, పాట పడితే పది నిమిషాలు పొడిగించే అప్పటి అమెజాన్ వేలాల్లో అవి బాగా తక్కువనీ చూపించారు. ఆఖర్లో వచ్చినవాడు మిమ్మల్ని మోసం చేయలేదు. మీరు రాసుకున్న అంకె కన్నా అతని అంకె పెద్దది, అంతే. కోపం వస్తే మీ అంకె మనస్ఫూర్తిగా రాసుకున్నది కాదన్నమాట.

దొంగపాట నిజమే, ఉంది, నిషేధం ఉన్నా ఉంది. పాటదారు ఎప్పుడూ ఒక్క అమ్మకందారు సరుకే పాడుతూ ఎప్పుడూ గెలవకపోతే అనుమానించండి. 'గెలిచినవారు వెనక్కి తగ్గారు, మీ ధరకే ఇస్తాం' అని మర్నాడు కబురొస్తే వద్దనండి.

ప్రశ్న: మావారు అర్ధరాత్రి దాకా వేలాలు చూస్తూ కూర్చుంటారు. పార్సిళ్లు ఆఫీసు అడ్రసుకి తెప్పించుకుంటున్నారు. ఇప్పటికి ముప్పై ఏడు రేజర్లు. గడ్డం మాత్రం ప్లాస్టిక్ రేజరుతో గీసుకుంటారు. ఏం చేయమంటారు? (శ్రీకాకుళం నుంచి ఒక సోదరి)

జవాబు: అమ్మా, దాచి తెప్పించుకుంటున్నారంటే ఎక్కువ పెడుతున్నానని ఆయనకే తెలుసు. దెబ్బలాడితే పార్సిళ్లు ఇంకో అడ్రసుకి మారతాయి. ఒక ఆదివారం ముప్పై ఏడూ మంచం మీద పరిపించండి. ఒక్కొక్కటీ ఎంతకి కొన్నారో, ఎందుకు కొన్నారో ఆయన చెబుతుంటే నోటుబుక్కులో మీరు రాయండి. నిజంగా ఇష్టపడ్డవి ఐదో ఆరో తేలతాయి, మిగిలినవి గెలవడానికి కొన్నవని ఆయన నోటితోనే వస్తుంది. ఇకమీద అంకె పగలు వేయమనండి, మీ ఎదురుగా, ఆ పుస్తకంలోనే. రాత్రి పదకొండు తర్వాత మనిషి వేసే అంకెకీ పొద్దున కాఫీ తాగి వేసే అంకెకీ చాలా తేడా ఉంటుంది. మరొక్క మాట, ఆ ఐదారింటిలో ఒకదానితో ఆయన్ని గడ్డం గీసుకోమనండి.

ప్రశ్న: మా తాత రంగూన్‌లో మంగలి పనిచేసేవాడు. గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి వెళ్లాడు. 1942లో జపాను వాళ్లు వచ్చినప్పుడు అక్కణ్నుంచి నడిచి వచ్చాడు. దారిలో అన్నీ పారేశాడు గానీ ఒక మడత కత్తి మాత్రం మొలలో పెట్టుకుని తెచ్చాడు. కత్తి మెడ మీద ఇంగ్లీషులో 'సోలింగన్, జర్మనీ' అని ఉంది. పిడి పసుప్పచ్చగా ఉంది, దంతమంటున్నారు. ఒక వ్యాపారి రెండు వేలిస్తానన్నాడు. వేలంలో పెడితే లక్ష వస్తుందని మా మేనల్లుడు అంటున్నాడు. చింతపండుతో తోమి వేలానికి ఫొటో తీద్దామనుకుంటున్నాం. ఇప్పుడున్నట్టు తీసిన ఫొటో ఒకటి మీకు పంపుతున్నాను. మా మేనత్త ఇంకా బతికే ఉంది. (సోంపేట)

జవాబు: తమ్ముడూ, చింతపండు పక్కన పెట్టేయ్. ఇవాళే. చింతపండు ఇత్తడికి. ఉక్కుకి పులుపు తగిలితే ఆ సన్నటి అక్షరాలు తినేస్తుంది, మర్నాటికి తుప్పు లేస్తుంది. ఇటుక పొడి కూడా వద్దు. మెత్తటి గుడ్డకి రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేసి తుడువు. కొబ్బరినూనె వద్దు.

పిడి సంగతి చూద్దాం. వెలుతురులో అడ్డంగా పట్టుకుని చూడు. కోసిన చివర ఒకదాన్నొకటి కోసుకునే సన్న గీతలు వల అల్లినట్టు కనిపిస్తే ఏనుగు దంతం. నల్లటి సూది రంధ్రాల్లాంటివి ఉంటే ఎముక. గీసినట్టు సమంగా, నిలువుగా గీతలుంటే సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్. గుడ్డతో గట్టిగా రుద్ది వాసన చూడు, కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడే. సెల్యులాయిడైతే కత్తిని మడిచి గాలాడని డబ్బాలో పెట్టకు. అది ముసలిదయ్యేకొద్దీ ఆమ్లం ఆవిరి వదులుతుంది, పిడికి ఆనుకున్న చోటే ఉక్కు కుళ్లుతుంది. దంతమైతే అమ్మడమే కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దంతం వ్యాపారం నేరం. విదేశీ వేలానికి పోస్టులో పంపితే ఇంకా చిక్కు.

మెడ మీద 'జర్మనీ' అని ఉండటానికి కారణం ఉంది. 1887లో బ్రిటిషువాళ్లు చట్టం చేశారు, పరాయి దేశపు సరుకు ఇంగ్లండు సరుకులా చెలామణి కాకుండా ఏ దేశానిదో కనబడేలా ఉండాలని. ఇంగ్లండులోని షెఫీల్డు కత్తుల పేరు మీద సోలింగన్ కత్తులు అమ్ముడుపోతున్నాయన్నది అప్పటి గొడవల్లో ఒకటి. కాబట్టి ఆ ముద్ర ఉన్న కత్తి ఆ తర్వాతి కాలానిదని అనుకోవచ్చు. మీ తాత కాలానికి సరిపోతుంది.

లక్ష గురించి. రాదు. సోలింగన్‌లో అలాంటి కత్తులు లక్షల్లో చేశారు, ప్రపంచమంతా అమ్మారు. పని చేసిన కత్తి ఇంకా తగ్గుతుంది. నువ్వు పంపిన ఫొటోలో వీపు చూశాను. కత్తి వీపు సానరాయి మీద ఆనే చోట రెండు పక్కలా అరిగి చదునుగా, మడమ వైపు, అంటే పిడి దగ్గర, వెడల్పుగా, ముక్కు వైపు, అంటే కొన దగ్గర, సన్నంగా ఉంది. అంచు మధ్యలో కొంచెం లోపలికి వంగింది. సేకరించేవాళ్లు దాన్ని లోపమంటారు, ధర తగ్గిస్తారు. మా నాన్న కత్తి కూడా అచ్చం అలాగే ఉంది, మడమ వైపే ఎక్కువ అరిగి. చిన్న రాయిని ఎడమ అరచేతిలో పెట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని నూరినవాళ్ల కత్తి అలా అరుగుతుంది. రోజుకి ఇరవై గడ్డాలు చేసిన కత్తి అది. రంగూన్ నుంచి నడిచి వచ్చిందన్నది పాటలో ఎవరికీ కనిపించదు, కనిపించినా నమ్మరు, నమ్మినా కొలవలేరు.

అమ్మాలనే ఉంటే ఆ వ్యాపారి ఇస్తానన్నది అన్యాయమైన ధర కాదు. ఉంచుకుంటే గోటితో కత్తిని ఒకసారి మెల్లగా మీటి చూడు. గంటలా సన్నగా మోగితే ఎక్కడా పగులు లేదు. పగులుంటే చప్పుడు మొద్దుగా వస్తుంది. దానితో గడ్డం మాత్రం చేయించుకోవద్దు, అంచు మళ్లీ తీర్చాలంటే తెలిసినవాడి చెయ్యి పడాలి. నూనె పట్టించి, సగం తెరిచి, నూలుగుడ్డలో చుట్టి పెట్టు. ఆ గుడ్డలోనే ఒక కాగితం మీద తాత పేరు, రంగూన్‌లో ఏ వీధిలో కూర్చునేవాడో, ఎన్ని రోజులు నడిచాడో రాసి పెట్టు. మీ మేనత్త బతికే ఉందని రాశావు కదా, ఆవిణ్ని అడుగు. వీధి పేరు ఆవిడకి గుర్తుండి ఉంటుంది.